అజిర్ అన్నవాడు

మా నారిన్ లోయలో 'అజిర్' అని ఒక మాట ఉంది. అర్థమేమిటని అడిగితే పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా చెబుతారు, 'ఇప్పుడే' అని. ఆ అర్థంలో ఆ మాటను వాడినవాడు మాత్రం లోయ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా దొరకడు. టీ చల్లారుతోందంటే అజిర్. ఆవు పక్కవాడి గడ్డివాములో మూతి పెట్టిందంటే అజిర్. ఇల్లు అంటుకుందన్నా ముందు అజిర్ అనేసి, తర్వాతే లేస్తారు మావాళ్ళు. అంటే కాసేపాగు, పొద్దు వాలనీ, వీలు చూసి చేద్దాం అని.

అందరూ ఆ మాటను వాడుకుంటే తోక్తోసున్ అందులో కాపురమే పెట్టాడు. పొయ్యిలు కట్టే మనిషి. పనితనాన్ని వేలెత్తి చూపించలేం. ఆయన కట్టిన పొయ్యిలో రెండు పారల బొగ్గు పోస్తే తెల్లారేదాకా ఇల్లు వెచ్చగా ఉంటుంది. కట్టించుకోవడమే గగనం. మంచు కరిగేటప్పుడు చెప్పిన పొయ్యికి మళ్ళీ మంచు పడేటప్పుడు ఇటుకలు చేరేవి. పేరు కూడా అలాంటిదే తగిలింది. ఆయన తల్లికి అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. వీడైనా నిలవాలని, బొడ్డు కోసిన బాత్మా అప ఆ నెత్తుటి చేతులతోనే ఎత్తి 'తోక్తోసున్' అంది. నిలిచిపోనీ అని. "అప నిలవమంది బతకమని, మనవాడు పనిలో నిలిచిపోయాడు" అని కొట్టు దగ్గర నవ్వుకునేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

మా దగ్గర పెద్దావిడ ఎవరైనా అపే, అంటే అమ్మే. అందులోనూ బొడ్డు కోసిన తల్లంటే కన్నతల్లికి ఒక్క అంగుళమే తక్కువ. కన్నతల్లి పోయాక తోక్తోసున్‌కు ఆ అంగుళం తేడా కూడా లేకుండా పోయింది. పండగనాడు మొదటి మాంసం ముక్క బాత్మా అపకే వెళ్ళేది. ఆవిడ కూడా ఊరంతా అజిర్‌బాయ్ అని వెక్కిరించే ఆ మనిషిని ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

ఒక ఏడాది గడ్డికోతలప్పుడు ఆవిడ వచ్చి ఆయన గుమ్మం ముందు నిలబడింది.

"తోక్తోసున్, బాలమ్, బిడ్డా, నా పొగగొట్టంలో కాకులు కాపురం పెట్టినట్టున్నాయిరా. నిప్పు రాజేస్తే పొగంతా నా మొహం మీదకే తిరిగొస్తోంది. ఒక్కసారి ఎక్కి చూడరాదూ."

"అజిర్, అపా."

"ఈరోజేనా?"

"అజిర్ అన్నాగా. నువ్వెళ్ళి టీకి నీళ్ళు పెట్టు, నీ వెనకాలే వస్తున్నా."

"నీళ్ళెలా పెట్టనురా, పొగొస్తోందనేగా నీ దగ్గరికొచ్చింది!" అని నవ్వుకుంటూ కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు వెళ్ళలేదు. గడ్డి ఎండలో ఉంది, వాన వస్తుందన్నారు. ఆ తర్వాత నిచ్చెన ఎవరో అడిగి తీసుకెళ్ళారు. నిచ్చెన వచ్చేసరికి నడుం పట్టేసింది. వేసవికాలమేగా, అప బయట రాళ్ళపొయ్యి మీద వండుకుంటుంది, తొందరేముంది? బంగాళాదుంపలు తవ్వేటప్పుడు ఆవిడ మళ్ళీ అడిగింది. ఒక పెళ్ళివాళ్ళ ఇంట్లో జనం మధ్య నెమ్మదిగా చెవి దగ్గరకొచ్చి ఇంకోసారి అడిగింది, ఎవరూ వినకుండా. అడిగినప్పుడల్లా చివరికి అదే మాట, "ఈరోజేనా?" ఆయనా అదే జవాబు. ఏ సాకు చూసినా నిజమే. అదే దరిద్రం, వాయిదా వేసేవాడి సాకుల్లో ఒక్కటీ అబద్ధం ఉండదు.

చలి ముదిరిన ఒక ఉదయం పాలు ఇవ్వడానికి వెళ్ళిన పొరుగావిడ కేక పెట్టింది. బాత్మా అప పరుపు మీద, గోడ వైపు తిరిగి, నిద్రలోనే పోయింది. వయసైన మనిషి, గుండె ఆగిపోయిందన్నారు. ఆయుష్షు తీరిందన్నారు. ఆవిణ్ణి కడిగిన ఆడవాళ్ళలో తోక్తోసున్ భార్య జిపార్ ఒకతె. ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

"ఎంత మంచి చావయ్యా! బుగ్గలు చూడాలి, పండిన ఆపిల్‌లా ఎర్రగా ఉన్నాయి. పోయిన మనిషి మొహంలో అంత కళ నేనెప్పుడూ చూళ్ళేదు. దైవభక్తి ఉన్నవాళ్ళకొచ్చే ఈమాన్ వెలుగు అంటున్నారందరూ."

తోక్తోసున్ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. పొయ్యిలు కట్టేవాడికి ఆ ఎరుపు ఏమిటో తెలుసు. బొగ్గుపొగకు పైకి దారిలేక ఇంట్లోనే తిరిగితే, నిద్రలో పోయినవాళ్ళ బుగ్గలకు పట్టే రంగు అది. ఈమాన్ కాదు, ఏ వెలుగూ కాదు. నోరు తెరిచాడు. జిపార్ ఏడుస్తోంది. తర్వాత చెబుదాంలే అనుకుని నోరు మూసుకున్నాడు. మర్నాడు పాడె మోసినప్పుడు, అందరితోపాటు తనూ అన్నాడు, ఆయుష్షు తీరిందని.

అప కూతురు సైరా రాజధాని నుంచి వచ్చింది, కడుపుతో ఉంది, ఏడ్చింది, వెళ్ళింది. వచ్చినవాళ్ళందరికీ వంటలు పెరట్లోనే జరిగాయి కాబట్టి ఆ పొయ్యిని ఎవరూ వెలిగించలేదు. ఇంటికి తాళం పడింది. జనం సద్దుమణిగాక ఎక్కి ఆ గూడు లాగేద్దాం అనుకున్నాడు తోక్తోసున్. కప్పు మీదకెక్కడానికి తాళంచెవితో పనిలేదు, నిచ్చెన తన గోడకే ఆనించి ఉంది. కానీ పగలెక్కితే ఎవరైనా చూస్తారు. చచ్చిపోయిన ముసలావిడ పొగగొట్టం నీకెందుకయ్యా అంటారు. ఏం చెప్పాలి? చూద్దాం, మంచు కరగనీ అనుకున్నాడు.

మంచు కరుగుతున్న రోజుల్లో, ఒక మునిమాపువేళ, ఆవును కట్టేసి చేతులు కడుక్కుంటుంటే వీధి గేటు దగ్గర పిలుపు వినిపించింది.

"తోక్తోసున్, బాలమ్, ఈరోజేనా?"

"అజిర్, అపా!" అన్నాడు, తలెత్తకుండానే.

అన్నాక గానీ తెలియలేదు. నీళ్ళచెంబు జారి కాళ్ళ మీద పడింది. గేటు దగ్గర ఎవరూ లేరు. వీధి చివరిదాకా బురద, బురదలో ఒక్క అడుగు జాడ కూడా లేదు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది జిపార్ లోపలి నుంచి.

"ఎవరూ లేరు. ఆవుని అదిలించా."

"ఆవుని అపా అంటున్నావా ఇప్పుడు? బావుంది వరస!"

అది మొదలు. రోజూ కాదు. ఇక మర్చిపోయాననుకున్న రోజే ఆ పిలుపు వచ్చేది, అదీ సందెవేళే. నోరు కట్టేసుకుందామని ఎన్నిసార్లు అనుకున్నాడో. కానీ పుట్టి ఇన్నేళ్ళుగా నాలుకకు పట్టిన అలవాటు బుర్రను అడగదు, పిలుపు వినిపించిన మరుక్షణం "అజిర్" అనేస్తుంది.  మొదట గేటు దగ్గర వినిపించిన గొంతు వేసవిలో పెరట్లోకి వచ్చింది. ఆకులు రాలేసరికి కిటికీ కింద నిలబడింది. కోపం ఉండేది కాదు అందులో, అదే పెళ్ళింట్లో చెవి దగ్గర అడిగినట్టు మెత్తగా ఉండేది. తిట్టినా బావుండేదని ఏడ్చుకునేవాడు మనిషి. తిండి తగ్గింది, కళ్ళు లోపలికి పోయాయి.

జిపార్ గుడ్డిది కాదు. గురువారం గురువారం నూనెలో రొట్టెలు వేయించి, ఆ వాసన చనిపోయినవాళ్ళకు అందాలని బాత్మా అప పేరు తలచుకుంది. నూనె అయిపోయింది గానీ గొంతు పోలేదు. ఒక సాయంత్రం ఆయన కిటికీ వైపు తిరిగి "అజిర్" అనడం కళ్ళారా చూసి, వేయిస్తున్న మూకుడు దింపేసి ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు. అప పిలుస్తోంది కదూ?"

ఆయన తల వంచుకున్నాడు.

"నువ్వేమో అజిర్ అంటున్నావు. ఓరి దేవుడా! ఏమయ్యా, నీకసలు బుద్ధుందా? నువ్వు అజిర్ అంటే ఏంటో మాకు తెలుసు, ఈ జన్మకి రావని. చచ్చిపోయినవాళ్ళకి మన వంకర మాటలు తెలీవు. మా నానమ్మ చెప్పేది, మట్టిలోకెళ్ళాక మాటకి ఒకటే అర్థం మిగుల్తుందని. నువ్వు ఇప్పుడే అన్నావు. ఆవిడ ఇప్పుడే అనుకుని నిలబడింది. నిలబడక ఏం చేస్తుంది పాపం?"

"నన్నేం చెయ్యమంటావ్?"

"ఏం వస్తానన్నావో అది వెళ్ళి చెయ్యి! ఏం మాటిచ్చావ్ అపకి?"

చెబితే ఆ ఎర్రబుగ్గల సంగతి చెప్పాలి. "ఏదో గుర్తులేదులే" అన్నాడు. జిపార్ ఆయన మొహంలోకి చూసి ఇంకేమీ అడగకుండా లేచి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే కొట్టు దగ్గర ఎశెన్ ముసలాయన వార్త మోసుకొచ్చాడు. "సైరా వచ్చేస్తోందట. వాళ్ళాయన రష్యాలో పనికి పోయాడుగా, చంటిబిడ్డతో పట్నంలో అద్దెలు కట్టలేక తల్లి ఇంట్లోనే ఉంటుందట. అమ్మకి ఏడాది భోజనం కూడా పెట్టేస్తుందట. ఏమోయ్ అజిర్‌బాయ్, ఆ పొయ్యి ఏడాదిగా చల్లారి ఉంది, ఓసారి చూసి పెట్టరాదూ?"

చుట్టూ ఉన్నవాళ్ళు తోక్తోసున్ కంటే ముందే ముక్తకంఠంతో "అజిర్!" అని అరిచి పడీ పడీ నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు.

ఇంటికి నడుస్తూ గట్టిగా అనుకున్నాడు. ఆ పొయ్యి వెలగకూడదు. ఆ గూడు తియ్యకుండా వెలిగిందా, తల్లి పోయినట్టే కూతురూ పోతుంది, పసిగుడ్డూ పోతుంది. రేపే ఎక్కుతా అనుకున్నాడు. తెల్లారి చూస్తే సైరా పినతల్లులు వచ్చి ఇల్లు తుడుస్తున్నారు. వాళ్ళ ముందు ఆ మసిగూడు కిందకి దింపితే ఎప్పట్నుంచి ఉందని అడుగుతారు. వాళ్ళు వెళ్ళనీ. మర్నాడు మంచు పడింది, కప్పు జారుతుంది. ఆ మర్నాడు నిచ్చెన భుజాన వేసుకుని వీధి సగం దాకా వెళ్ళాడు కూడా. ఎదురొచ్చిన ఎవరో అన్న వరసపెట్టి "ఎక్కడికి బైకే?" అంటే, "ఎక్కడికీ లేదు" అని వెనక్కి తిరిగాడు. సిగ్గు, భయం, బద్ధకం మూడూ కలిసి ఒక్క తాడుగా పేనుకుని కాళ్ళకు చుట్టుకున్నాయి. సైరా వచ్చేది వారాంతానికి అన్నారుగా, ఇంకా టైముంది అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఆవును కట్టేసి గుమ్మంలో నిలబడ్డాడు. చలి బాగా దిగింది. ఆ వేళకు గొంతు రావాలి. ఆ వారమంతా ఒక్క పూట తప్పకుండా వచ్చింది. చెవులు రిక్కించి నిలబడ్డాడు. పిలుపు రాలేదు. కిటికీ కింద లేదు, పెరట్లో లేదు, గేటు దగ్గర లేదు. ఇన్ని నెలలుగా ఏ గొంతు ఆగితే చాలని మొక్కుకున్నాడో అది ఆగింది, ఆయనకు గుండె తేలికపడాలి. పడలేదు.  ఇక్కడ లేదంటే అప ఇంకెక్కడికి వెళ్ళింది?

వీధిలోకి పరిగెత్తాడు. వీధి చివర బాత్మా అప ఇంటి కిటికీలో దీపం వెలుగుతోంది. సైరా ముందే వచ్చేసింది. ఊళ్ళో ప్రతి ఇంటి మీదా పొగ నిటారుగా లేస్తోంది, గాలి లేని సాయంత్రం. ఆ ఒక్క ఇంటి గొట్టం మీద మాత్రం పొగ లేదు. బొగ్గు వాసన మాత్రం వస్తోంది. పొయ్యిలు కట్టేవాడికి అంతకంటే చెప్పాల్సింది ఏముంటుంది?

"సైరా!" అని అరుస్తూ పరిగెత్తాడు. తలుపు భుజంతో గుద్దాడు, గడియ ఊడింది. లోపల పొగ పెద్దగా లేదు, తియ్యటి మసివాసన, అంతే. పొయ్యిలో బొగ్గు కణకణలాడుతోంది. సైరా ఉయ్యాలతొట్టి పక్కన పరుపు మీద ఒరిగి ఉంది, చెయ్యి తొట్టి మీద వేసి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

ఎలా లాగాడో, ఏది ముందు పట్టుకున్నాడో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు. బిడ్డను తొట్టితోనే ఎత్తి మంచులో పెట్టాడు. సైరాను చంకల కింద పట్టి గుమ్మం దాటించాడు. కిటికీ అద్దాలు మోచేత్తో పగలగొట్టాడు. నిప్పుల్ని పారతో ఎత్తి ఎత్తి పెరట్లోకి విసిరాడు, మంచులో పడి బుస్సుమన్నాయి. మొహం మీద మంచు రుద్దితే సైరా కళ్ళు తెరిచింది, వాంతి చేసుకుంది. బిడ్డ మాత్రం కదల్లేదు.

"ఏడువమ్మా," అన్నాడు తోక్తోసున్, మోకాళ్ళ మీద పడి. "ఇప్పుడే ఏడు. నీకు దణ్ణం పెడతా, ఇప్పుడే ఏడు తల్లీ."

తొట్టి కట్లు విప్పి, బిడ్డను చలిగాలిలోకి ఎత్తి వీపు మీద తట్టాడు. ఒకసారి ఎక్కిళ్ళు, ఆ తర్వాత ఏడుపు. అంత గొప్ప ఏడుపు ఆ లోయలో ఎవరూ ఏడ్చి ఉండరని ఇప్పటికీ అంటాడాయన. పొరుగింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, జిపార్ వచ్చింది, తల్లినీ బిడ్డనూ దుప్పట్లలో చుట్టి పక్కింట్లోకి తీసుకెళ్ళారు. ఎవరో డాక్టరుకు ఫోన్ చేశారు.

తోక్తోసున్ వాళ్ళ వెంట వెళ్ళలేదు. ఇంటికెళ్ళి నిచ్చెన, తాడు, ఇనపగుండు తెచ్చుకుని కప్పెక్కాడు. తాడుకు కట్టి గొట్టంలోకి వదిలిన గుండు మూరెడు దిగి ఆగిపోయింది. చెయ్యి పెట్టి లాగాడు. పుల్లలు, గొర్రెబొచ్చు, గుర్రపు వెంట్రుకలు, ఏడాది కిందటి మసి పట్టి గట్టిపడిన గూడు. ఇంకోసారి లాగాడు, ఇంకోసారి. గుండు ఈసారి గలగలా కిందిదాకా దిగిపోయింది. అంతే, అయిపోయింది. ఒక కెటిల్ నీళ్ళు కాగేంత సేపు కూడా పట్టలేదు. ఆ కప్పు మీదే కూర్చుని, మసిచేతుల్లో మొహం పెట్టుకుని, పెద్దమనిషి గుండె పగిలేలా ఏడ్చాడు.

మర్నాడు మధ్యాహ్నానికి సైరా లేచి నడిచింది. తల ఇంకా దిమ్ముగా ఉందంది గానీ, డాక్టరు భయం లేదన్నాడు. తల్లి ఇంటికొచ్చి చూసేసరికి తోక్తోసున్ కిటికీకి కొత్త అద్దం బిగిస్తున్నాడు. గోడవార ఆ గూడు పడి ఉంది. దాన్ని కాలితో కదిపి చూసింది.

"ఇది ఈ ఏటిది కాదు బైకే," అంది.

"కాదమ్మా."

"అమ్మ ఉన్నప్పటిది."

ఆయన సుత్తి కింద పెట్టాడు. "గడ్డికోతలప్పుడే నాకు చెప్పింది మీ అమ్మ. నేను రాలేదు. గుండె ఆగి పోలేదు సైరా ఆవిడ. నాకు ఆ రోజే తెలుసు."

 సైరా బిడ్డను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"రోజూ ఫోన్లో అడిగేదాన్ని, పొయ్యి వెలిగించావా అమ్మా అని," అంది. "లేదు, తోక్తోసున్ అజిర్ అన్నాడు, వస్తున్నాడు అనేది. కోటు వేసుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకునేది. నేను తిట్టేదాన్ని, ఆ మనిషి అజిర్ అంటే ఊరంతా నవ్వుతారు, ఇంకెవరినైనా పిలువమ్మా అని. ఏమందో తెలుసా? 'వాడి బొడ్డు కోసినదాన్ని నేను. నేనే ఇంకొకడిని కప్పెక్కిస్తే వాడికి ఊళ్ళో మొహం ఎక్కడుంటుందే? ఇప్పుడే అన్నాడు, వస్తాడు' అంది. బాగా చలి పడ్డ రాత్రి తట్టుకోలేక వెలిగించి ఉంటుంది. పొయ్యిలో బూడిద చూసి, బాగయ్యిందనుకుని నిన్న నేనూ వెలిగించా."

ఊరు ఊరంతా నవ్విన మాటను ఒక్క మనిషి నమ్మింది.  తోక్తోసున్ పనిముట్లు సంచిలో వేసుకుని గేటు దాకా వెళ్ళాడు. ఇప్పుడు ఏ మొహంతో మన్నింపు అడగను, పిల్ల కోలుకోనీ, ఏడాది భోజనం అయ్యాక వచ్చి అడుగుదాం అనుకున్నాడు. గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. సంచి అక్కడే పడేసి వెనక్కి వచ్చాడు.

"నన్ను మన్నించు సైరా. ఇప్పుడే అడుగుతున్నా."

ఆమె గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసింది. కోపంగా చూసిందని అనలేం, అలిసిపోయి చూసింది.

"నా బిడ్డని బతికించావు. దానికి జన్మంతా రుణపడి ఉంటా. కానీ నువ్వడిగే ఆ మాట మా అమ్మ తరఫున నేను చెప్పాలి. అది ఈరోజు నా నోట్లోంచి రావట్లేదు."

"ఎప్పుడొస్తుందమ్మా?"

"ఏమో. వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండు. నీకోసం మా అమ్మ కనిపెట్టుకుని ఉండలేదూ?"

లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి గొట్టంలోంచి పొగ నిటారుగా లేచింది. తోక్తోసున్ ఇంటికి పోలేదు. గుమ్మం ముందు మెట్టు మీద, చలిలో, కోటు దగ్గరికి లాక్కుని, మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.